‘మేధావితనం’ – పదార్థం, ప్రయోగం: కర్నూలు, కడప సాహిత్య నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: తెలుగు సాహిత్య విమర్శలో ‘మేధావి’ అనే మాట మెప్పుగాను, ‘మేధావితనం’ అనే మాట నిందగాను స్థిరపడ్డాయి. ఈ రెండింటి మధ్య అర్థభేదాన్ని విమర్శ స్పష్టంగా నిర్ణయించలేదు. దాని ఫలితం రాయలసీమ సాహిత్య అధ్యయనం మీద ప్రత్యేకంగా పడింది. సీమ రచయితకు అనుభవాన్ని ఉదారంగా ఒప్పుకొనే విమర్శ ఆలోచనను ఒప్పుకోవడానికి వెనకాడుతుంది. కర్నూలు, కడప ప్రాంతాల రచయితలను, విమర్శకులను ఆధారంగా చేసుకుని ఈ మాటకు ఏ అర్థంలో విమర్శవిలువ ఉందో, ఏ అర్థంలో లేదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మేధ, మేధావితనం, సంవేదన, రా.రా., సీమ కథ, అనుభవం, ఎరుక.

ఉపోద్ఘాతం

ఒక రచనను తక్కువ చేయడానికి తెలుగు సమీక్షకులు వాడే మాటలలో ‘మేధావితనం’ ఒకటి. రచనలో మేధావితనం పాలు ఎక్కువైందనీ, అది మేధావుల కోసమే రాసిన పుస్తకమనీ అనే తీర్పులు సమీక్షలలోను, పరిశోధన వ్యాసాలలోను తరచు కనిపిస్తాయి. అదే వ్యాసంలో మరో పుటలో ఆ రచయితనే ‘గొప్ప మేధావి’ అని కీర్తించడమూ కనిపిస్తుంది. మనిషికి భూషణమైన గుణం అతని రచనకు దూషణ ఎట్లా అయిందన్న ప్రశ్నను మాత్రం ఎవరూ వేయరు.

రాయలసీమ సాహిత్యం విషయంలో ఈ ప్రశ్నకు మరింత బరువు ఉంది. సీమ కథను గురించి వచ్చిన విమర్శలో అధికభాగం కరువు, ఫ్యాక్షన్, మాండలికం అనే మూడు అంశాల చుట్టూ తిరుగుతుంది. ఈ మూడూ అనుభవానికి సంబంధించినవి. సీమ రచయిత చూసినదాన్ని నిజాయితీగా చెప్పాడని మెచ్చుకోవడం ఆ విమర్శ పద్ధతి. అతడు ఏమి ఆలోచించాడు, ఆ ఆలోచన ఎంతవరకు నిలుస్తుంది అని అడిగిన సందర్భాలు తక్కువ. అనుభవం సీమది, ఆలోచన మరోచోటిది అన్నట్టుగా ఒక పని విభజన, ఎవరూ నిర్ణయించకుండానే, జరిగిపోయింది. ‘మేధావితనం’ అనే నింద ఆ విభజనకు కాపలా కాస్తున్నది.

ఈ పరిశీలనకు 2022 పునర్విభజనకు ముందున్న ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాలు పరిధి. రెండు జిల్లాలకు ఉమ్మడి అడవి నల్లమల. రెండింటినీ పేరులోనే కలిపిన కాలువ కె.సి. కెనాల్. సాహిత్య చరిత్రలో కూడా వీటిని విడదీసి చూడడం కష్టం.

మాట పుట్టుక, మారిన బరువు

సంస్కృత నిఘంటు సంప్రదాయంలో మేధ అంటే కేవలం తెలివి కాదు. గ్రహించినదాన్ని నిలుపుకొనే శక్తి గల బుద్ధికి ఆ పేరు. అమరసింహుడు ధారణను మేధకు లక్షణంగా చెప్పాడు. ఈ అర్థంలో చూస్తే మేధావి అనే మాటకు నిలువెత్తు ఉదాహరణ అవధాని. ప్రొద్దుటూరు అందుకు పేరుపడిన ఊరు. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి జంటగా అవధానాలు చేసినవారు. విడివిడిగా ‘రాణాప్రతాపసింహచరిత్ర’, ‘శివభారతము’ అనే పెద్ద కావ్యాలు రాసినవారు. వారి కాలపు సభాసదులకు మేధ అనేది కళ్లెదుట పరీక్షించి చూడగలిగిన శక్తి. పృచ్ఛకుడు అడుగుతాడు, అవధాని నిలుపుకొంటాడు, చివర ధారణలో అప్పగిస్తాడు. అప్పగించలేకపోతే మేధ లేనట్టే. కొలత అంత స్పష్టం.

ఇప్పటి పత్రికాభాషలో మేధావికి అటువంటి కొలత ఏదీ లేదు. ‘కవులు, కళాకారులు, మేధావులు పాల్గొనాలి’ అనే పిలుపు కరపత్రాలలో స్థిరపడిన పదబంధం. కవి పద్యమో గేయమో చూపగలడు, కళాకారుడు డప్పో రంగస్థలమో చూపగలడు. మేధావి ఏమి చూపాలో ఆ పిలుపులో లేదు. విశ్రాంత అధ్యాపకులు, న్యాయవాదులు, వైద్యులు ఆ మూడో గదిలో సర్దుకుంటారు. శాసనమండలిని 1985లో రద్దు చేసినప్పుడూ, 2007లో పునరుద్ధరించినప్పుడూ ఈ మాట విరివిగా వినిపించింది. పట్టభద్రుల నియోజకవర్గంలో ఓటు ఉండడమే మేధావి కావడానికి చాలునన్న ధోరణి ఎన్నికల వార్తలలో ఇప్పటికీ ఉంది.

ఈ కొత్త అర్థం బయటినుంచి వచ్చింది. ఫ్రాన్సులో డ్రేఫస్ అనే సైనికాధికారికి జరిగిన అన్యాయాన్ని ఖండిస్తూ ఎమిల్ జోలా 1898 జనవరిలో బహిరంగ లేఖ రాసినప్పుడు, ఆయనకు మద్దతుగా రచయితలు, ఆచార్యులు సంతకాలు చేశారు. ‘ఇంటెలెక్చువల్’ అనే మాట ఒక సమూహానికి పేరుగా ప్రచారంలోకి వచ్చింది ఆ సందర్భంలోనే. బారెస్ వంటి ప్రత్యర్థులు దాన్ని ఎగతాళిగా వాడారు. సంతకాలు చేసినవారు బిరుదుగా స్వీకరించారు. అంటే ఆధునికార్థంలో ఈ మాట పుట్టినప్పుడే మెప్పును, నిందను వెంటబెట్టుకుని పుట్టింది. తెలుగు దాన్ని ‘మేధావి’ అని అనువదించుకున్నప్పుడు, ధారణను కొలతగా పెట్టుకున్న పాతమాట మీద ఈ రెండు బరువులూ వచ్చి పడ్డాయి.

తెలుగు ప్రత్యయం ఇంకో చిక్కు తెచ్చింది. మనిషిని తెలిపే నామానికి ‘తనం’ చేరినప్పుడు గుణంతోపాటు ఆ గుణాన్ని ప్రదర్శించడం కూడా అర్థంలో చేరుతుంది. ‘పెద్దమనిషితనం’, ‘మొనగాడితనం’ అన్నప్పుడు వినేవారి పెదవి మీద చిన్న నవ్వు ఉండే అవకాశం ఉంది. పాండిత్యం విషయంలో మన పూర్వులు జాగ్రత్తపడ్డారు. ఉన్న విద్యకు పాండిత్యం అన్నారు, ఉన్నదనుకునే భ్రమకు పండితంమన్యత అన్నారు. రెండు మాటలు, రెండు అర్థాలు. మేధావికి అటువంటి జంట ఏర్పడలేదు. ఒక్క ‘మేధావితనం’ ఉన్నదానికీ, ఉన్నట్టు నటించేదానికీ చాలవలసి వచ్చింది. ‘కుహనా మేధావి’ అనే సమాసం ఈ లోటును కొంత తీర్చవలసింది. రాజకీయ వాగ్వాదాలలో అరిగిపోయి అది ఇప్పుడు ఎవరికీ తగలని రాయి అయింది.

దేశిపదాలు మరో దారిని చూపుతాయి. తెలుగులో ‘తెలివి’ స్పృహకు కూడా పేరు. తెలివి తప్పినవాడు మూర్ఖుడు కాడు, మూర్ఛపోయినవాడు. ‘బుద్ధి’ వ్యవహారంలో నీతికి దగ్గర. బుద్ధి చెప్పడమంటే శాస్త్రం బోధించడం కాదు. ‘చదవేస్తే ఉన్న మతి పోయింది’ అనే సామెతను చదువు మీద ద్వేషంగా చూపడం వాడుక. సామెత చదువును తిట్టడం లేదు. చదువుకు ముందే మనిషికి మతి ఉంటుందని, రెండూ ఒకటి కాదని మాత్రమే చెబుతున్నది. ఇక ‘ఎరుక’. అచల సంప్రదాయంలో పారిభాషిక పదంగా ఎదిగిన ఈ మాట పల్లె వ్యవహారంలో ‘ఎరికే’, ‘ఎరికలే’ అంటూ నిత్యం వినిపిస్తుంది. పోతులూరి వీరబ్రహ్మం నడిచిన బనగానపల్లె, కందిమల్లాయపల్లె ప్రాంతాలలో తత్త్వాలు పాడేవారికి ఎరుక వేదాంతం. ఆవును వెతికే రైతుకు అదే మాట కబురు. తెలుసుకోవడాన్ని బడికీ, డిగ్రీకీ కట్టివేయని మాట ఇది. మేధావి అనే మాటకు ఈ సౌలభ్యం లేదు.

‘సంవేదన’: రా.రా. పెట్టిన గీటు

కడప నుంచి 1968–69 ప్రాంతంలో వెలువడిన త్రైమాసిక పత్రిక ‘సంవేదన’. సంపాదకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి (1922–1988). కొద్ది సంచికలకే ఆగిపోయిన ఆ పత్రిక తెలుగు విమర్శలో తన నిడివికి మించిన పేరు సంపాదించింది. గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదువు మధ్యలో ఆగిపోయిన రా.రా. పట్టాలతో కాక పఠనంతో ఎదిగిన మనిషి. మార్క్సిస్టు. తర్వాతి కాలంలో మాస్కోలో అనువాదకుడిగా పనిచేశారు. ‘సారస్వత వివేచన’ ఆయన విమర్శ వ్యాసాల సంపుటి. ‘అనువాద సమస్యలు’ గ్రంథానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

పత్రిక పేరును కొంత నిదానంగా చూడవలసి ఉంది. వేదన అంటే తెలుగులో బాధ. ధాతువు మాత్రం ‘విద్’, అంటే తెలుసుకోవడం. వేదం, విద్య, విద్వాంసుడు ఆ కుదురులోనివే. సంవేదన అనే మాటలో తెలుసుకోవడం, బాధపడడం విడదీయరాకుండా ఉన్నాయి. మార్క్సిస్టు విమర్శకుడు తన పత్రికకు చైతన్యం, విప్లవం, అభ్యుదయం వంటి పేర్లను కాక దీన్ని ఎన్నుకోవడం యాదృచ్ఛికమని అనుకోవడం కష్టం. ఆయన విమర్శ ఆసాంతం ఈ పేరుకు వ్యాఖ్యానంలా సాగింది.

రచనలోని భావం పాఠకుడిలో అనుభూతిగా మారాలన్నది రా.రా. ప్రధాన ప్రమాణం. భావం సరైనదైతే చాలదు. ప్రగతిశీలమైనదైతే అసలే చాలదు. తాను నమ్మిన సిద్ధాంతాన్నే నమ్మిన రచయితలను ఆయన నిష్ఠురంగా పరీక్షించడానికి కారణం ఇదే. దిగంబర కవులపై ‘సంవేదన’లో ఆయన చేసిన విమర్శ సంచలనం కలిగించింది. అది వారి కోపం మీద విమర్శ కాదని, ఆ కోపం కవిత్వంగా మారిందా లేదా అన్న పరీక్ష అని గుర్తించినవారు అప్పట్లో తక్కువ. సంప్రదాయవాదులు దాన్ని తమకు అనుకూలంగా వాడుకోబోయారు, అది రా.రా. తప్పు కాదు.

ఇక్కడ ‘మేధావితనం’ అనే నిందకు మొదటిసారిగా ఒక నికరమైన అర్థం దొరుకుతుంది. రచయిత ఆలోచించడం దోషం కాదు. ఆలోచన పాత్రలోకి, సన్నివేశంలోకి, వాక్యపు నడకలోకి దిగకుండా రచనపై తేలియాడడం దోషం. రా.రా. ఆ మాటను ఆయుధంగా పెంచుకోలేదు. ఆయన పెట్టిన గీటు మాత్రం ఆ మాటకు సరిపోతుంది. ఈ అర్థంలో దాన్ని నిరూపించవచ్చు, ఖండించవచ్చు. విమర్శకుడు రచనలోని ఫలానా చోటును చూపి ఇక్కడ ఆలోచన దిగలేదని చెప్పాలి. ఎదుటివారు అదే చోటును చూపి దిగిందని వాదించవచ్చు. ‘మేధావుల కోసం రాసినది’ అనే తీర్పుకు ఆ అవకాశం లేదు, ఎందుకంటే అది పాఠకులను గురించిన ఊహ తప్ప రచనను గురించిన మాట కాదు.

‘అనువాద సమస్యలు’ ఇదే పట్టుదలకు మరో రూపం. ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు మాటలతో నింపితే తెలుగు వాక్యం కాదని, మూలం చేతిలో లేని పాఠకుడికి అర్థం కావడమే అనువాదానికి పరీక్ష అని ఆయన వాదం. ఈ గ్రంథాన్ని అనువాద విద్యార్థుల పాఠ్యపుస్తకంగా పక్కన పెట్టడం జరిగింది గాని, ఇది విమర్శభాషకు కూడా వర్తిస్తుంది. నేటి పరిశోధన వ్యాసాలలోని ఎన్నో వాక్యాలు ఏ భాషలో ఆలోచించి రాసినవో తెలియని స్థితిలో ఉన్నాయి. దుర్బోధతను లోతుగా భ్రమింపజేయడం మేధావితనంలో అన్నిటికంటె చవకైన రకం. రా.రా. తెలుగు వాక్యం పొట్టిది, సూటిది, తర్కంలో సందు లేనిది. ఆయనను ఎవరూ అర్థంకాని రచయిత అనలేదు. అంగీకరించనివారికి సైతం తాము దేనితో విభేదిస్తున్నారో తెలుసు.

ఒక పరిమితి కూడా చెప్పవలసి ఉంది. అనుభూతిని ప్రధాన ప్రమాణంగా పెట్టినప్పుడు ఆలోచనే అనుభవంగా సాగే రచనలను ఏమి చేయాలన్న ప్రశ్న మిగులుతుంది. ఒక మనిషి తలలో రాత్రంతా నడిచే వాదం కూడా అనుభవమే కదా. రా.రా. తన ప్రమాణాన్ని ఆ దిశగా విస్తరించలేదు. అటువంటి రచన కర్నూలు నుంచి తర్వాతి కాలంలో వచ్చింది.

పాండిత్యం ఎందుకు తప్పించుకున్నది

పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) పద్నాలుగు భాషలు ఎరిగిన పండితుడు. ప్రొద్దుటూరులోను, కడపలోను దీర్ఘకాలం ఉన్నారు. విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు తన ‘పెనుగొండ లక్ష్మి’ కావ్యమే తనకు పాఠ్యగ్రంథంగా ఎదురైన ముచ్చట సాహిత్యలోకంలో ప్రసిద్ధం. ఆయన ‘శివతాండవం’ లో సామాన్య పాఠకుడికి నిఘంటువు చూడకుండా తెలియని మాటలు కోకొల్లలు. అయినా దాన్ని ‘మేధావుల కావ్యం’ అన్నవారు లేరు. వినికిడితోనే అది సభలను ఊపింది. పదం తెలియకముందే లయ చేరుతుంది. పాండిత్యం నాదంగా మారిన చోట దాని బరువు శ్రోతకు తెలియదు.

దీన్నిబట్టి కష్టమైన భాష, విస్తృతమైన చదువు తమంతట తాముగా మేధావితనం అనే నిందను తెచ్చిపెట్టవని స్పష్టం. సంప్రదాయ పండితుడికి లేని ఇబ్బంది ఆధునిక వచన రచయితకు ఎందుకు వచ్చిందన్నది ఆలోచించవలసిన విషయం. పద్యకవి పండితుడై ఉండడం ఆశించినదే. సీమ నుంచి వచన కథ, నవల రాసేవాడి దగ్గర మాత్రం పాఠకలోకం పల్లెను ఆశిస్తుంది.

వచనంలో ఆలోచన

అది పొరపాటు ఆశింపు అనడానికి ఈ రెండు జిల్లాల వచన చరిత్రే చాలు. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు (1883–1960) రాసిన ‘అబ్రహాం లింకను చరిత్ర’ 1907లో విజ్ఞానచంద్రికా గ్రంథమాలకు తొలి పుస్తకం. మరుసటి సంవత్సరం ‘స్వరాజ్య’ పత్రికలోని రచనకు ఆయన జైలుకు వెళ్లారు. ఆ తర్వాతి జీవితమంతా గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు వెచ్చించారు. మేధ అనేది ఒకరి తలలో నిల్వ ఉండే సరుకు కాదని, పంచవలసిన వస్తువని ఆయన ఆచరణ చెబుతుంది. సీమ సాహిత్య చరిత్రలలో ఆయనకు స్వాతంత్ర్య సమరయోధుడిగానే తప్ప వచన రచయితగా తగిన చోటు దొరకలేదు.

కేతు విశ్వనాథరెడ్డి (1939–2023) కథకుడిగా సుప్రసిద్ధులు. ఆయన కథల సంపుటికి 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆయన పరిశోధన గ్రంథం ‘కడప ఊర్ల పేర్లు’ను కథలతో కలిపి చదివే అలవాటు మనకు లేదు. జమ్మలమడుగులో మడుగు, ఎర్రగుంట్లలో గుంట, ఒంటిమిట్టలో మిట్ట ఉన్నాయి. పొరుగున కోవెలకుంట్లలో కుంట ఉంది. నీళ్లు కరువైన నేల తన ఊళ్లకు నీటి పేర్లు, మెరక పేర్లు పెట్టుకుని గుర్తుంచుకుంది. ఊరి పేరును ఆధారంగా తీసుకుని మనుషుల జీవితాన్ని ఊహించే క్రమశిక్షణ, ఆయన కథల్లో ఒక చిన్న వస్తువు చుట్టూ కుటుంబం మారిన తీరును పట్టుకునే క్రమశిక్షణ వేరు కావు. విమర్శ ఒకదాన్ని ‘భాషాశాస్త్రం’ అరలోను, మరొకదాన్ని ‘సీమ జీవితచిత్రణ’ అరలోను పెట్టి మధ్య తలుపు మూసివేసింది.

ఎం.వి. రమణారెడ్డి (1944–2021) ఉదాహరణ ఇంకా విచిత్రమైనది. ప్రొద్దుటూరు వైద్యుడు, 1983లో శాసనసభ్యుడు, రాయలసీమ ఉద్యమకారుడు. ‘రాయలసీమ కన్నీటిగాథ’ రాశారు, ‘టూకీగా ప్రపంచ చరిత్ర’ రాశారు, ‘పాపిలాన్’ను ‘రెక్కలు చాచిన పంజరం’గా తెలుగు చేశారు. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక, 1953 నుంచి మూడేళ్లు కర్నూలు రాజధానిగా ఉండడం, నదీజలాల పంపకం వంటి విషయాలను గురించిన చర్చను కాగితాల కట్టల్లోంచి పల్లె రచ్చబండకు తెచ్చిన తరానికి ఆయన ప్రతినిధి. ఆయన వచనంలో ఒప్పందాలు, లెక్కలు కథలా నడుస్తాయి. కన్నీరు అనే మాట శీర్షికలో ఉంది; లోపల ఉన్నది వాదం. ఈ వచనాన్ని ఉద్యమసాహిత్యం అనే పేరుతో ఒక మూల ఉంచి, సాహిత్యవిమర్శ తన పని కాదనుకుంది. నీటి చర్చను కవిత్వం చేస్తే విమర్శ అందుకుంటుంది, తర్కంగా చెబితే అందుకోదు. దీనికి సాహిత్యపరమైన కారణం ఏదీ కనిపించదు.

కర్నూలు నవల, కరువు లేని సీమ

కాశీభట్ల వేణుగోపాల్ నవలలు కర్నూలు నుంచి వచ్చాయి. ‘నేనూ – చీకటి’, ‘దిగంతం’, ‘తపన’, ‘నికషం’ వంటి వాటిలో బీడు భూములు ప్రధానం కావు, ఫ్యాక్షన్ ముఠాలు ఇతివృత్తం కావు. పట్టణపు గదిలో ఒంటరి మనిషి, అతని చదువు, సంగీతం, మద్యం, కామం, చావు భయం, తనతో తాను చేసే ఎడతెగని సంభాషణ ఉంటాయి. చైతన్యస్రవంతి పద్ధతిలో, విరిగిన వాక్యాలతో, అడుగడుగునా ప్రస్తావనలతో సాగే ఈ నవలల మీద మేధావితనం అనే ముద్ర తేలికగా పడింది. సీమ సాహిత్య సర్వేక్షణలలో ఆయన పేరు ఉండీ లేనట్టుగా ఉంటుంది.

రా.రా. గీటుతో చూస్తే ఈ నవలలు అన్నీ ఒకే తీరుగా నిలవవు. పాత్ర చదివిన పుస్తకాల పేర్లు, విన్న స్వరకర్తల పేర్లు వరుసగా వచ్చే చోట్ల ఆలోచన పేరుగానే మిగిలిపోతుంది. ఆ పేరు ఎరిగిన పాఠకుడికి అదొక సంకేతం, ఎరగనివాడికి ఖాళీ. అక్కడ నింద న్యాయమే. ‘నికషం’లో చర్మవ్యాధి వల్ల సమాజం దూరం పెట్టిన మనిషి తన ఒంటిని తానే చూసుకునే తీరు అటువంటిది కాదు. దేహాన్ని గురించిన తాత్త్విక ప్రశ్న అక్కడ చర్మం మీద నడుస్తుంది. అంటరానితనాన్ని, అసహ్యాన్ని, తాకాలన్న కోరికను గురించి ఆ నవల చేసే ఆలోచన దురద వంటిది; పాఠకుడు దాన్ని పక్కన పెట్టలేడు. నికషం అంటే గీటురాయి. ఆ పేరు పాత్రకు ఎంత వర్తిస్తుందో, పాఠకుడికీ అంతే వర్తిస్తుంది.

ఈ తేడాను చూడకుండా నవలలన్నింటినీ ఒక్క మాటతో పక్కన పెట్టడానికి వెనుక ఉన్నదేమిటి? అమెరికన్ తాత్త్వికుడు విలియం జేమ్స్ 1909లో ప్రచురించిన ఉపన్యాసాలలో ‘ఇంటెలెక్చువలిజం’ లోని ఒక దుష్టరూపాన్ని వివరించాడు. ఒక వస్తువుకు పేరు పెడతాం, పేరుకు నిర్వచనం చెబుతాం. ఆ తర్వాత నిర్వచనంలో లేనిదేదీ ఆ వస్తువులో ఉండడానికి వీలులేదని తేలుస్తాం. జేమ్స్ దృష్టిలో దోషం భావనలు కల్పించడంలో లేదు. భావనను వాస్తవానికి కంచెగా వాడడంలో ఉంది.

‘సీమ సాహిత్యం’ అనే పేరుకు జరిగింది సరిగ్గా ఇదే. కరువు, ఫ్యాక్షన్, మాండలికం అనేవి మొదట కొన్ని గొప్ప కథలను వర్ణించడానికి పనికివచ్చిన మాటలు. సింగమనేని నారాయణ సంకలనం ‘సీమ కథలు’ వంటివి ఆ కథలను ఒకచోట చేర్చి ప్రాంతీయ కథకు గుర్తింపు తెచ్చినప్పుడు ఆ వర్ణన అవసరమే. పోనుపోను అది నిర్వచనంగా గట్టిపడింది. ఆ నిర్వచనంలో పట్టణం లేదు, గదిలో ఒంటరి మనిషి లేడు, తర్కవచనం లేదు. కనుక అవి ఉన్న రచన సీమది కాదు, లేదా మేధావితనం. భావన ఆధారంగా వాస్తవాన్ని తోసిపుచ్చే ధోరణికి మేధావితనం అని పేరు పెట్టదలిస్తే, ఆ పేరు ఈ నవలాకారుడి కంటె అతడిని పక్కన పెట్టిన విమర్శకే బాగా అతుకుతుంది. పరిశోధనాంశాలు నమోదయ్యే తీరు కూడా ఈ గట్టిదనాన్ని పెంచుతున్నది. ‘ఫలానా రచయిత కథలు – కరువు చిత్రణ’ అనే శీర్షికను ఏ పరిశోధకుడైనా ఒక పూటలో తయారు చేయగలడు. ‘ఫలానా రచయిత ఆలోచనావిధానం’ అన్నప్పుడు అధ్యాయాలను ఎట్లా విభజించాలన్న ప్రశ్న మొదలవుతుంది. అధ్యాయ విభజన సులువుగా కుదరని విషయాన్ని వదిలివేయడం పరిశోధకుల దోషం మాత్రమే కాదు.

‘కొండపొలం’: ఎరుకకు ఎవరు విలువ కడతారు

సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి నవల ‘కొండపొలం’ తానా పోటీలో బహుమతి పొంది 2019లో వచ్చింది, 2021లో చలనచిత్రమైంది. కరువు కాలంలో గొర్రెల మందలను నల్లమలకు తోలుకుపోవడం కొండపొలం. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం దొరకని యువకుడు రవి తండ్రితో, తోటి గొర్రెల కాపరులతో అడవికి పోతాడు. నిర్వచనం ప్రకారం ఇది ‘కరువు నవల’. అట్లాగే చదివారు కూడా.

ఈ నవలలో కరువు ఉన్నది నిజమే. అంతకంటె పెద్ద విషయం, తెలుసుకోవడం అంటే ఏమిటన్న ప్రశ్న. కాపరులకు అడవి ఒక శాస్త్రం. నీటి జాడ, మేత ఉండే దిక్కు, మృగం దగ్గరపడిన గుర్తు, గొర్రె అరుపులోని తేడా వారికి ఎరుక. రవికి పట్టా ఉంది, ఈ ఎరుక లేదు. నవల ఈ రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టి పల్లె జ్ఞానం గొప్పదని తేల్చి ఊరుకునే రకం కాదు. కాపరుల మాటల్లో ఊరి అప్పులు, కూతుళ్ల పెళ్లిళ్లు, వ్యవసాయం చితికిన తీరు చర్చకు వస్తాయి. వారు వాదించుకుంటారు, తప్పుపట్టుకుంటారు, ఒకరి అనుభవాన్ని మరొకరు సరిదిద్దుతారు. వారి ఎరుక సహజాతం కాదు, తరాలుగా పరీక్షకు నిలిచిన ఆలోచన. మేధ అనే మాటకు అమరసింహుడు చెప్పిన ధారణ లక్షణం ఇక్కడ అక్షరాలా ఉంది. రా.రా. అడిగిన అనుభూతి కూడా ఉంది. భయం అనే భావం పాఠకుడికి రాత్రిపూట మంద చుట్టూ కాపలాగా అందుతుంది.

నవల తడబడిన చోటు మరొకటి. అడవిలో ధైర్యం నేర్చుకున్న రవి చివరకు ఉద్యోగంలో విజయం సాధిస్తాడు. అడవి నేర్పినది ఉద్యోగానికి అర్హతగా మారుతుంది. కాపరుల ఎరుకకు విలువ ఉందని నిరూపించడానికి నవలకు మళ్లీ పట్టాల లోకపు ముద్ర కావలసి వచ్చింది. రవి గెలవకపోయినా ఆ ఎరుక అంతే విలువైనదని అడవి అధ్యాయాలు నమ్మించాయి. ముగింపు ఆ నమ్మకాన్ని కొంత వెనక్కి తీసుకుంది. నిరుద్యోగ యువకుడికి ఆశ చూపాలన్న రచయిత తపనను అర్థం చేసుకోవచ్చు. కొండపొలం నుంచి మళ్లీ పల్లెకే తిరిగి వచ్చే మిగిలిన కాపరుల వైపు నుంచి చూస్తే, వారు ఒక యువకుడి శిక్షణకు గురువులుగా ఉపయోగపడి కథలోంచి తప్పుకున్నారు. ఈ నవల మీద వచ్చే పరిశోధన మాండలిక పదాల పట్టికతోను, కరువు వర్ణనల జాబితాతోను ఆగిపోకుండా, వారు అడవిలో చేసిన వాదాలను వాదాలుగా తీసుకుని, అవి ఎంతవరకు నిలుస్తాయో పరీక్షించవలసి ఉంది.